ఎవరి ఫైలు వారిదే, తుది సెట్టింగ్ ఎవరిది?

లినక్స్ పంపిణీలలో ఒకటైన డెబియన్ నడిచే సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేస్తున్నప్పుడు, ప్రోగ్రామ్‌లను మోసుకొచ్చే ప్యాకేజీల పేర్లు తెర మీద వరసగా పరుగెడుతూ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఫలానా సెట్టింగుల ఫైలును ఈ యంత్రంలో ఎవరో మార్చారు, ప్యాకేజీ తయారుచేసినవారు కూడా కొత్త ప్రతి పంపారు, రెండింటిలో ఏది ఉంచమంటారు అని ప్యాకేజీలను అమర్చే సాధనం డీపీకేజీ అడుగుతుంది. వై నొక్కితే కొత్తది వస్తుంది. ఎన్ నొక్కితే ఉన్నది ఉంటుంది. డి నొక్కితే తేడాలు చూపిస్తుంది, జడ్ నొక్కితే చూసి రమ్మని కమాండ్లు టైపు చేసే షెల్ తెరిచి ఇస్తుంది. ఉత్తినే ఎంటర్ కొడితే ఉన్నదే నిలుస్తుంది.

ఈ ప్రశ్న వెనుక ఉన్న లెక్క తేలికైనదే. ప్యాకేజీ గతంలో ఇచ్చిన ప్రతి, ఇప్పుడు డిస్కులో ఉన్న ప్రతి, కొత్తగా వచ్చిన ప్రతి, ఈ మూడింటి చెక్‌సమ్‌లను, అంటే ఫైలులో ఉన్నదాని నుంచి లెక్కగట్టిన గుర్తు సంఖ్యలను, డీపీకేజీ పోల్చి చూస్తుంది. యంత్రం యజమాని ఫైలును ముట్టుకోకపోతే కొత్త ప్రతి చప్పుడు చేయకుండా వచ్చి కూర్చుంటుంది. యజమాని మార్చినా, ప్యాకేజీ వైపు నుంచి మార్పేమీ లేకపోతే అప్పుడూ చిక్కు లేదు. ఇద్దరూ మార్చినప్పుడే పేచీ. రెడ్ హ్యాట్ కుటుంబపు లినక్స్‌లలో ఇదే పని చేసే ఆర్‌పీఎం ఇలా అడగదు. ప్యాకేజీలో రాసిన నియమాన్ని బట్టి కొత్త ప్రతిని '.ఆర్‌పీఎంన్యూ' అనే తోకతో పక్కన పెడుతుంది, లేదా యజమాని ప్రతిని '.ఆర్‌పీఎంసేవ్' అని పేరు మార్చి కొత్తదాన్ని నిలబెడుతుంది. ఆ తోకల ఫైళ్లను తర్వాత ఎవరైనా తెరిచి చూస్తేనే అక్కడ ఒక పేచీ ఉందని తెలుస్తుంది.

అడిగినా అడగకపోయినా మూలం ఒక్కటే. ఒక ఫైలు, ఇద్దరు యజమానులు. ఇక మూడో వ్యక్తి కూడా అదే ఫైలులో రాయాలనుకుంటే పేచీ మరింత ముదురుతుంది. వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్ ప్యాకేజీకి, జరిగినవన్నీ నమోదయ్యే తన లాగ్ ఫైళ్లను రోజూ తిప్పే పని, అంటే పాతవి పక్కన పెట్టి కొత్తవి మొదలుపెట్టే పని, లాగ్‌రొటేట్ అనే సాధనానికి అప్పగించాలని ఉంటుంది. డేటాబేస్ ప్యాకేజీకీ అదే అవసరం, మెయిల్ సర్వర్‌కూ అదే. అందరూ వచ్చి లాగ్‌రొటేట్ వారి ఒకే ఫైలులో తలా నాలుగు వరుసలు చేర్చితే, రేపు వాటిలో ఒక ప్యాకేజీని తీసేసినప్పుడు ఏ వరుసలు ఎవరివో తేల్చేదెవరు? స్క్రిప్టు రాసి వెతికి తీయించవచ్చు. ఈలోపు యజమాని ఆ వరుసల మధ్య ఒక వ్యాఖ్య రాసుకున్నా, ఒక ఖాళీ చేర్చినా ఆ స్క్రిప్టు తడబడుతుంది. అందుకే డెబియన్ విధాన పత్రం ఈ విషయంలో కచ్చితంగా ఉంటుంది. ప్యాకేజీల స్క్రిప్టులు ఏ ప్యాకేజీకి చెందిన కాన్ఫ్‌ఫైలునూ (డీపీకేజీ ఇలా కాపాడే సెట్టింగుల ఫైలును) మార్చకూడదు, తమ సొంత ప్యాకేజీదైనా సరే.

దీనికి దొరికిన విరుగుడే '.డి' డైరెక్టరీ. లాగ్‌రొటేట్.డి అనే డైరెక్టరీ ఒకటి ఉంటుంది. ఎంజిన్‌ఎక్స్ అందులో తన పేరుతో ఒక విడి ఫైలు వేస్తుంది. ప్యాకేజీని పూర్తిగా తీసేస్తే ఆ ఫైలు ఒక్కటే పోతుంది. ఎవరూ ఎవరి ఫైలునూ తెరవరు. ఇలా తెచ్చి వేసే ఫైళ్లనే డ్రాప్-ఇన్ ఫైళ్లంటున్నారు. సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలోకి వెళ్లి చూస్తే క్రాన్.డి, ప్రొఫైల్.డి, సుడోయర్స్.డి, సిస్‌కంట్రోల్.డి, మాడ్‌ప్రోబ్.డి అని బారులు తీరి కనిపిస్తాయి. పొలానికి గట్టు వేసినట్టు ఎవరి మడి వారికి వచ్చింది. అయితే మడులు వేరైనా నీళ్లు పారే కాలువ ఒక్కటే. ఆ ఫైళ్లన్నింటినీ కలిపి చదివి పనిచేసే సాధనం ఒక్కటే. ఫైళ్లకు యజమానులు దొరికారు గానీ, అన్నీ కలిశాక తేలే సెట్టింగ్‌కు యజమాని లేడు. ఈ పద్ధతిలో ఎదురయ్యే కష్టాలలో చాలావరకు ఆ ఖాళీలోంచే పుడతాయి.

మొదటి కష్టం తొలగింపులోనే ఉంది. డెబియన్‌లో ప్యాకేజీని రిమూవ్ చేస్తే ప్రోగ్రామ్ పోతుంది గానీ ఈటీసీలోని సెట్టింగుల ఫైళ్లు ఉండిపోతాయి. అవి కూడా పోవాలంటే పర్జ్ చేయాలి. అంటే ప్రోగ్రామ్ లేకపోయినా వేళకు పనులు నడిపే క్రాన్ కోసం వేసిన దాని క్రాన్.డి ఫైలు మిగిలి, రోజూ లేని ప్రోగ్రామ్‌ను పిలుస్తూ ఉండవచ్చు. డెబియన్ ప్యాకేజీల క్రాన్ వరుసలలో ముందుగా ప్రోగ్రామ్ ఉందో లేదో చూసి, ఉంటేనే నడపమని షరతు కనిపించేది ఇందుకే. లాగ్‌రొటేట్ ఫైళ్లలో 'మిస్సింగ్‌ఓకే' (లాగ్ లేకపోయినా ఫరవాలేదు) అనే మాట ఉండటం వెనుక కారణాలలోనూ ఇది ఒకటి. ఫైలు తన యజమాని కంటే ఎక్కువ కాలం బతకవచ్చని ముందే ఊహించి రాసిన జాగ్రత్తలివి. విడి ఫైలు రాసే ప్రతివారూ ఈ అలవాటు చేసుకోవాలి.

రెండో కష్టం ఫైలు పేరు. డైరెక్టరీలో ఏ ఫైలు చదవాలి, ఏది వదిలేయాలి? వినడానికి చిన్న ప్రశ్నే. ఒక్కో సాధనం ఒక్కో జవాబు చెప్పడం వల్ల గంటల కొద్దీ సమయం వృథా అవుతోంది. డెబియన్‌లో క్రాన్.డి లోని ఫైలు పేరులో అక్షరాలు, అంకెలు, అడ్డగీత, కింది గీత మాత్రమే ఉండాలి. చుక్క ఉంటే ఆ ఫైలును క్రాన్ చదవదు. రోజువారీ స్క్రిప్టులు ఉండే క్రాన్.డైలీకీ ఇదే నియమం, ఎందుకంటే వాటిని నడిపే రన్-పార్ట్స్ అలాగే ఎంచుకుంటుంది. 'బ్యాకప్.ఎస్‌హెచ్' అని పేరు పెట్టి, అనుమతులన్నీ సరిచూసి, చేత్తో నడిపి పరీక్షించి అక్కడ ఉంచిన స్క్రిప్టు ఏ రాత్రీ నడవదు. తప్పు జరిగిందని ఎక్కడా ఒక్క మాట రాదు. బ్యాకప్ అవసరం పడిన రోజున గానీ ఆ సంగతి బయటపడదు. ఇదే పేరుతో క్రాన్.డి లో ఫైలు వేస్తే రెడ్ హ్యాట్ కుటుంబంలో ఉండే క్రాన్ రకం క్రానీ హాయిగా చదువుతుంది, డెబియన్ క్రాన్ చదవదు. రెండు చోట్లా పనిచేసిన అనుభవజ్ఞులు కూడా ఇక్కడ బోల్తా పడతారు.

మామూలు వాడుకరికి నిర్వాహకుడి అధికారాలిచ్చే సుడో కూడా చుక్క ఉన్న పేర్లను వదిలేస్తుంది, చివర టిల్డా (~) ఉన్నవాటినీ వదిలేస్తుంది. ఎడిటర్లు వదిలిన నకళ్లు, ప్యాకేజీ మేనేజర్ పక్కన పెట్టిన ప్రతులు పొరపాటున అధికారాలు పంచిపెట్టకూడదన్నది ఇందులోని ఉద్దేశం. సదుద్దేశమే, కానీ 'రమేష్.కాన్ఫ్' అని పేరు పెట్టినవారికి ఆ ఉద్దేశం కనిపించదు, అధికారం రాకపోవడమే కనిపిస్తుంది. పైగా సుడోయర్స్.డి డైరెక్టరీని చదవమని ప్రధాన ఫైలులో చెప్పే వరుస చాలా ఏళ్లపాటు హ్యాష్ (#) గుర్తుతోనే మొదలైంది. అదే ఫైలులో వ్యాఖ్యలకూ హ్యాష్ గుర్తే. అది వ్యాఖ్య అనుకుని తీసేసినవారు, ఆ డైరెక్టరీ అమలులోనే లేదనుకుని ఊరుకున్నవారు తక్కువేమీ కాదు. 2020లో వచ్చిన 1.9.1 వెర్షన్‌తో ఎట్ (@) గుర్తుతో రాసే పద్ధతి ప్రవేశపెట్టి ఆ గందరగోళాన్ని తగ్గించారు.

లాగ్‌రొటేట్ మరో దారి పట్టింది. ఏ పేర్లు కావాలో చెప్పకుండా, ఏవి వద్దో జాబితా పెట్టుకుంది. '.ఆర్‌పీఎంసేవ్', '.డీపీకేజీ-ఓల్డ్', '.ఎస్‌డబ్ల్యూపీ', టిల్డా వంటి నిషిద్ధ తోకలు అందులో ఉంటాయి. ఆ జాబితాలో లేని తోక తగిలిస్తే ఫైలు చదివేస్తుంది. దాంతో ఒకే లాగ్ రెండుసార్లు వచ్చిందని ఫిర్యాదు చేస్తుంది. డెబియన్‌లో ఎంజిన్‌ఎక్స్ తీరు ఇంకా ఉదారం. సైట్స్-ఎనేబుల్డ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యేవి తప్ప ఉన్నవన్నీ చదువుతుంది. మార్చే ముందు జాగ్రత్త కోసం 'డిఫాల్ట్' ఫైలుకు పక్కనే 'డిఫాల్ట్.బ్యాక్' అని నకలు తీసి ఉంచితే ఆ నకలు కూడా అమలులోకి వస్తుంది. డిఫాల్ట్ సర్వర్ రెండుసార్లు ఉందంటూ ఎంజిన్‌ఎక్స్ మొరాయిస్తుంది. ఒక చోట అతి జాగ్రత్త వల్ల ఫైలు అమలు కాదు, మరో చోట జాగ్రత్త కోసం తీసిన నకలే అమలవుతుంది. వీటన్నిటిలో '.కాన్ఫ్' అని ముగిసేవే చదువుతాననే నియమం మేలైనది. నకలుకు ఏ తోక తగిలించినా అది దానంతటదే పక్కకు పోతుంది, నియమం గుర్తుంచుకోవడానికీ ఒక్క ముక్కే. వెబ్ సర్వర్ అపాచీ 2.4కు మారినప్పుడు డెబియన్ ఈ నియమానికే వచ్చింది. యంత్రంలోని సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ సాధనాలదీ ఇదే పద్ధతి.

ఇక క్రమం. ఒకే సెట్టింగ్ రెండు ఫైళ్లలో రెండు విలువలతో ఉంటే ఏది చెల్లుతుంది? ఫైళ్లను పేరు వరుసలో చదువుతారు కాబట్టి ముందు అంకెలు పెట్టే ఆచారం వచ్చింది. ఇది సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ కాలం నాటి ఆర్‌సీ డైరెక్టరీల నుంచి వస్తున్న అలవాటు. యంత్రం లేచేటప్పుడు మొదలుపెట్టాల్సినవాటికి ఎస్, ఆపాల్సినవాటికి కె, ఆ తర్వాత రెండంకెల వరుస సంఖ్య. పదితో మొదలయ్యే ఫైలు తర్వాత తొమ్మిదితో మొదలయ్యే ఫైలు వస్తుందని, పోలిక సంఖ్యలకు కాక అక్షరాలకు జరుగుతుందని గుర్తుంటే చాలు, మిగతాది సులువే. అందుకే ఎప్పుడూ రెండంకెలు వేస్తారు.

వరుస తెలిసినంత మాత్రాన గెలుపు ఎవరిదో తెలియదు. లినక్స్ కెర్నెల్ సెట్టింగులు చూసే సిస్‌కంట్రోల్‌లో చివరిగా చదివిన విలువ చెల్లుతుంది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, 99తో మొదలయ్యే ఫైలుదే మాట. దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో ఇది పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ఏ సెట్టింగ్‌కైనా మొదట దొరికిన విలువే ఖాయం, తర్వాత వచ్చినదాన్ని పట్టించుకోదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఫైలులో ఇతర ఫైళ్లను కలుపుకునే వీలు 2020 ఫిబ్రవరిలో 8.2 వెర్షన్‌తో వచ్చింది. డెబియన్, ఉబుంటు ఆ కలుపుకునే వరుసను ప్రధాన ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టాయి. మొదటిదే చెల్లుతుంది కాబట్టి, విడి ఫైళ్లకు ప్రధాన ఫైలు మీద పైచేయి ఉండాలంటే అక్కడే పెట్టాలి. తర్కం ప్రకారం సరైనదే.

దాని పర్యవసానం దగ్గరగా చూడదగినది. ఒక క్లౌడ్ సర్వర్ తీసుకుంటారు. పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడం ప్రమాదమని తెలిసిన యజమాని, తాళంచెవి ఫైలుతో మాత్రమే లోపలికి రానివ్వాలని ప్రధాన ఫైలు తెరుస్తారు. 'పాస్‌వర్డ్‌అథెంటికేషన్' వరుస వెతికి, ముందున్న హ్యాష్ గుర్తు తీసి, 'నో' అని రాసి, సేవ్ చేసి, సర్వీసును మళ్లీ మొదలుపెడతారు. ఎర్రర్ ఏదీ రాదు. ఫైలు మళ్లీ తెరిచి చూసినా 'నో' అనే ఉంటుంది. అయితే యంత్రాన్ని మొదట సిద్ధం చేసిన క్లౌడ్-ఇనిట్, తనకు అందిన సూచన ప్రకారం '50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్' అనే విడి ఫైలులో అదే సెట్టింగ్‌కు 'యెస్' రాసి ఉండవచ్చు. పైన ఉన్న కలుపుకునే వరుస వల్ల ఆ 'యెస్' ముందుగా చదవబడుతుంది, యజమాని రాసిన 'నో' ఆలస్యంగా వచ్చి చెల్లకుండా పోతుంది. తలుపు తెరిచే ఉంటుంది, గడియ పెట్టామన్న ధైర్యంతో యజమాని నిద్రపోతారు. మనసు కలుక్కుమనే సంగతి ఇది. ఎందుకంటే ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు. సాధనం తన నియమం పాటించింది, పంపిణీదారు తర్కం పాటించారు, క్లౌడ్-ఇనిట్ తన ఫైలులోనే రాసింది, యజమాని పుస్తకంలో ఉన్నట్టే చేశారు. నలుగురూ సరిగానే చేసినా ఫలితం మాత్రం తప్పింది.

సరిచేయడం తేలికే. 10తో మొదలయ్యే సొంత ఫైలు ఒకటి వేసి అందులో 'నో' రాస్తే అది 50 కన్నా ముందు చదవబడుతుంది. సిస్‌కంట్రోల్ అలవాటుతో 99 పెట్టారా, మళ్లీ మొదటికే వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ' కమాండుకు పెద్ద టీ జోడించి నడపడం. అన్ని ఫైళ్లూ కలిపి చదివిన తర్వాత ఏ సెట్టింగ్‌కు ఏ విలువ తేలిందో అది వరుసగా అచ్చువేస్తుంది. ఫైలులో ఏం రాసి ఉందన్నది పక్కన పెట్టి, యంత్రం ఏం అర్థం చేసుకుందో అడిగే పద్ధతి అది.

అంకెలతో వరుస పెట్టడానికి హద్దు ఉందని మరో చోట బాగా తెలుస్తుంది. యూఎస్‌బీ వంటి పరికరాలను గుర్తించే యూడెవ్‌కు నియమాల ఫైళ్లు ఉంటాయి. లాగిన్ అయి ఉన్న వ్యక్తికి ఒక పరికరాన్ని వాడే హక్కు ఇవ్వడానికి 'యూయాక్సెస్' అనే ముద్ర వేస్తారు. ఆ ముద్రను చూసి నిజంగా హక్కు ఇచ్చే నియమం '73-సీట్-లేట్' అనే ఫైలులో ఉంటుంది. అంటే ముద్ర వేసే ఫైలు 73 కన్నా ముందు రావాలి. చివర పెడితే అందరి కన్నా మన మాటే నెగ్గుతుందన్న నమ్మకంతో 99 పెట్టినవారి నియమం చదవబడుతుంది, ముద్ర కూడా పడుతుంది, కానీ దాన్ని చూడాల్సినవారు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు. అంకె ఇక్కడ వరుసను మాత్రమే చెప్తోంది, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో చెప్పడం లేదు. బూట్ స్క్రిప్టుల విషయంలో డెబియన్ ఈ తేడాను గుర్తించింది. 2011లో వచ్చిన 6వ వెర్షన్ నాటికి చేత్తో వేసే అంకెల స్థానంలో, ప్రతి స్క్రిప్టూ తనకు ముందు ఏవి మొదలై ఉండాలో తానే చెప్పుకునే పద్ధతిని ప్రధానం చేసింది.

అంకెలే వాడాలనుకుంటే వాటి అర్థం ముందే చెప్పి పెట్టాలి. ఆ పని శ్రద్ధగా చేసినది ఫాంట్‌కన్ఫిగ్. ఏ అక్షరాలకు ఏ ఫాంట్ వాడాలో తేల్చే ఈ సాధనం తన కాన్ఫ్.డి డైరెక్టరీలో ఒక రీడ్‌మీ ఉంచింది. 10 నుంచి 19 వరకు తెర మీద అచ్చయ్యే తీరుకు సంబంధించిన మూల సెట్టింగులు, 30లలో ఒక ఫాంట్ బదులు మరొకటి వాడే నియమాలు, 50లలో వాడుకరి సొంత ఫైళ్లు, 60లలో సాధారణ పేర్లకు ఫాంట్ల ఎంపిక, 90లలో కృత్రిమంగా బొద్దు చేయడం వంటివి. ఈ పద్ధతితో తెలుగు పాఠకులకు రోజూ పని పడుతూనే ఉంటుంది. ఫెడోరా వంటి పంపిణీలలో తెలుగు ఫాంట్ ప్యాకేజీ తన ఫాంట్‌తో పాటు ఇలాంటి విడి ఫైలు కూడా తెస్తుంది. పేరు చెప్పకుండా తెలుగు అక్షరం చూపించమని బ్రౌజర్ అడిగినప్పుడు నోటో వస్తుందా, లోహిత్ వస్తుందా అన్నది చాలావరకు ఈ అంకెల మీద ఆధారపడుతుంది. కొత్త ఫాంట్ ఒకటి వేసుకోగానే పత్రికల సైట్లన్నీ ఒక్కసారిగా వేరే అక్షరాలతో కనిపించాయంటే, చేయి పెట్టింది ఎక్కువగా ఆ ప్యాకేజీ వెంట వచ్చిన చిన్న ఫైలే.

ప్యాకేజీ ఫైలు ఒక చోట, యజమాని ఫైలు మరో చోట ఉంటే పేచీ ఇంకా తగ్గుతుంది. 2010లో మొదలైన సిస్టమ్‌డీ ఈ విభజనను గట్టిగా అమలు చేసింది. ప్యాకేజీలు యూఎస్‌ఆర్ లిబ్ డైరెక్టరీ కింద రాయాలి, ఈటీసీ యజమానిది, రీబూట్‌తో పోయే తాత్కాలిక మార్పులు రన్ కింద. ఒకే పేరుతో రెండు చోట్లా ఫైలుంటే ఈటీసీలోనిది చెల్లుతుంది. ప్యాకేజీ తెచ్చిన ఫైలు అసలే వద్దనుకుంటే అదే పేరుతో ఈటీసీలో డెవ్ నల్‌కు (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైలుకు) లంకె వేస్తే చాలు, ప్యాకేజీ ఫైలును ముట్టుకోనక్కరలేదు. ఎన్ని అప్‌గ్రేడ్లు వచ్చినా డీపీకేజీ అడగాల్సిన ప్రశ్నే పుట్టదు. పెద్ద ఫైలును మొత్తంగా నకలు తీయకుండా, కావాల్సిన రెండు వరుసలే విడి ఫైలులో రాసుకోవచ్చు. అయితే అక్కడా ఒక మెలిక ఉంది. సర్వీసును నడిపే కమాండు మార్చాలని 'ఎగ్జెక్‌స్టార్ట్' వరుస రాస్తే అది పాతదాన్ని తీసేయదు, దాని పక్కన చేరుతుంది. మామూలు సర్వీసుకు రెండు కమాండ్లు ఉండకూడదని సిస్టమ్‌డీ తిరస్కరిస్తుంది. ముందు విలువ లేకుండా ఖాళీగా ఒక 'ఎగ్జెక్‌స్టార్ట్' రాసి పాతది తుడిచి, తర్వాత కొత్తది రాయాలి. ఏ సెట్టింగ్ మారుతుంది, ఏది పోగవుతుంది అనేది సాధనం రాసినవారు ప్రతి సెట్టింగ్‌కూ ఆలోచించి చెప్పాల్సిన మాట. ఓపెన్‌సూసె ఈ విభజనను యూఎస్‌ఆర్ ఈటీసీ అనే డైరెక్టరీ దాకా తీసుకెళ్లింది, ఇతర సాధనాలూ ఇలాగే చదవడానికి లిబ్‌ఈకాన్ఫ్ అనే లైబ్రరీ తెచ్చింది.

ఏ సాధనానికి పడితే దానికి '.డి' డైరెక్టరీ తగిలించకూడదు. లాగిన్‌ను పరీక్షించే ప్యామ్‌లో ఒక వరుస ఫలితాన్ని బట్టి తర్వాతి వరుసలను దాటి వెళ్లడం ఉంటుంది. అక్కడ ఎవరో తెచ్చిన నాలుగు వరుసలను మధ్యలో చొప్పిస్తే తలుపు తెరుచుకోవచ్చు, లేదా ఎవరికీ తెరుచుకోకపోవచ్చు. డెబియన్ అందుకే ప్యాకేజీలను నేరుగా రాయనివ్వలేదు. ప్రతి ప్యాకేజీ తన వివరాన్ని, ప్రాధాన్యాన్ని ఒక ఫైలులో చెప్తే, ప్యామ్-ఆథ్-అప్‌డేట్ వాటన్నిటినీ చూసి మొత్తం క్రమాన్ని తానే కడుతుంది. నమ్మకానికి సంబంధించిన చోట మరింత జాగ్రత్త కావాలి. ప్యాకేజీలు దించే ఏపీటీకి సంతకాలు సరిచూసే తాళంచెవుల డైరెక్టరీ ట్రస్టెడ్.జీపీజీ.డి. అందులో ఒక రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే చోటు) కోసం వేసిన తాళంచెవి అన్ని రిపాజిటరీలకూ చెల్లుతుంది. ఒక చిన్న ప్రోగ్రామ్ కోసం నమ్మిన తాళంచెవితో ఎవరైనా ప్రధాన ప్యాకేజీకే సంతకం పెట్టవచ్చు. ఏ రిపాజిటరీని ఏ తాళంచెవితో సరిచూడాలో ఆ రిపాజిటరీ వరుసలోనే రాసే 'సైన్డ్-బై' పద్ధతి ఈ దారిని మూస్తుంది. విడి ఫైలు వేసే హక్కు ఇచ్చామంటే దానిలో రాసినదంతా జరిగే హక్కు ఇచ్చినట్టే. సుడోలోనూ అంతే. పాత వెర్షన్లలో సుడోయర్స్.డి లోని ఒక్క ఫైలులో రాత తప్పు ఉంటే సుడో ఎవరికీ పనిచేయకుండా పోయేది. అందుకే సుడో ఫైళ్లను సరిచూసే విసుడోతో పరీక్షించకుండా అక్కడ ఏ ఫైలూ వేయకూడదు.

కొత్తగా ఒక సాధనం రాస్తూ దానికి '.డి' డైరెక్టరీ జోడించేవారు డైరెక్టరీని చదివే పది వరుసల కోడ్ రాయగానే పని అయిపోయిందనుకుంటారు. మిగతా సగం పని చూపించడం. ఏ ఫైళ్లు చదివాను, ఏవి వదిలేశాను, ఎందుకు వదిలేశాను, చివరికి ఏ విలువ తేలింది, అది ఏ ఫైలు నుంచి వచ్చింది. ఎంజిన్‌ఎక్స్‌కు పెద్ద టీ జోడిస్తే కలిసిన కన్ఫిగరేషన్ అంతా ఏ ముక్క ఏ ఫైలులోదో చెప్తూ అచ్చువేస్తుంది. సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ ఒక సర్వీసుకు సంబంధించిన ఫైళ్లన్నిటినీ వాటి పేర్లతో చూపిస్తుంది, సిస్టమ్‌డీ-డెల్టా ఏది దేన్ని కప్పేసిందో చెప్తుంది. ఏపీటీ-కన్ఫిగ్ డంప్ తుది విలువలిస్తుంది గానీ అవి ఏ ఫైలు నుంచి వచ్చాయో చెప్పదు. అయినా ఏపీటీ ఒక మంచి పని చేస్తుంది. తన డైరెక్టరీలో పేరు కుదరని ఫైలు కనిపిస్తే, దీన్ని వదిలేస్తున్నానని ఒక ముక్క రాసి మరీ వదిలేస్తుంది. ఆ ఒక్క వరుస రన్-పార్ట్స్ కూడా రాసి ఉంటే 'బ్యాకప్.ఎస్‌హెచ్' కథ మొదటి రాత్రే తేలిపోయేది.

వీటి మధ్య క్రాన్ ఇంకా పాత ఇంట్లోనే ఉంది. ఈ యంత్రంలో ఈ రాత్రి ఏమేమి నడుస్తాయో ఒక్కచోట చెప్పే కమాండు దానికి లేదు. తెలుసుకోవాలంటే ఈటీసీలోని క్రాన్‌టాబ్ చూడాలి, క్రాన్.డి చూడాలి, గంటకు, రోజుకు, వారానికి, నెలకు అని ఉన్న డైరెక్టరీలన్నీ చూడాలి, ఒక్కో వాడుకరికి వేరుగా ఉండే క్రాన్‌టాబ్‌లు వార్ స్పూల్ కింద తెరవాలి, ఆపైన సిస్టమ్‌డీ టైమర్ల జాబితా కూడా పక్కన పెట్టుకుని పోల్చాలి. ప్రతి చోటా ఏ పేరు చెల్లుతుందో, ఏది చెల్లదో చూసే కళ్లకే గుర్తుండాలి.